వెల్డింగ్ మాకు, కళా చరిత్ర వాళ్లకా?

ఉర్లాలో తెల్లవారితే మొదటి పని డాబా ఊడవడం. రాయ్‌పూర్ శివారులోని ఈ పారిశ్రామికవాడలో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్లపొడి రాత్రంతా ఇళ్ల మీద పడుతుంది. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడి రోలింగ్ మిల్లులో కాంట్రాక్టు కూలీగా చేరాడు. మాదిగలం. పన్నెండో తరగతి అయ్యాక కళా చరిత్ర చదువుతానంటే బస్తీలో అందరూ ఒకే మాటన్నారు: "ఐటీఐలో చేరు, వెల్డింగ్ నేర్చుకో." వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆకలి తెలిసినవాళ్లు చెప్పిన మాట అది. నా కోపమంతా ఆ మాటనే ప్రభుత్వ విధానంగా మార్చినవాళ్ల మీద.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే తక్కువ ఫీజుతో ఊళ్లోనే రెండేళ్లు చదివి, ఆ క్రెడిట్లతో యూనివర్సిటీకి మారే దారి. అక్కడ కూలివాళ్ల పిల్లలు కళా చరిత్ర కూడా అలా మొదలుపెట్టవచ్చు. మన దగ్గర పన్నెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ అదే పేరుతో పథకం తెచ్చింది. పేరు వచ్చింది గానీ దారి రాలేదు. అందులో పెట్టినవి నైపుణ్య కోర్సులు. పై చదువుకు వెళ్లే వీలుంటుందని మార్గదర్శకాల్లో మాత్రం రాశారు.

నేను ఆ మాట నమ్మి అలాంటి ఒక కాలేజీలో టూరిస్టు గైడ్ డిప్లొమాలో చేరాను. కళా చరిత్ర అందులో ఒకే ఒక్క పేపర్. దాన్ని చెప్పిన గెస్ట్ లెక్చరర్ మమ్మల్ని మహానది ఒడ్డున ఉన్న సిర్పూర్‌కు తీసుకెళ్లారు. ఇటుకలతో కట్టిన లక్ష్మణ దేవాలయం అందరూ చూసేదే. ఆయన మాత్రం మమ్మల్ని ఆనందప్రభు కుటీ విహారం దగ్గర ఎక్కువసేపు నిలబెట్టారు. "రాజు పేరు గైడు పుస్తకంలో ఉంటుంది. ఈ ఇటుక కాల్చిందెవరు? ఇక్కడి భిక్షువులకు అన్నం పెట్టిందెవరు?" అని అడిగారు. మా బస్తీలో ఇటుక బట్టీల్లో పనిచేసిన అమ్మలున్నారు. చరిత్రను వాళ్ల వైపు నుంచి అడగవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

డిప్లొమా అయ్యాక, డిగ్రీ రెండో ఏడాదిలో చేర్చుకోమని అడిగాను. కిటికీ అవతలి గుమస్తా కాగితాలు వెనక్కి తోసి, "ఇది స్కిల్, చదువు కాదు" అన్నాడు. మళ్లీ మొదటి ఏడాదిలోనే చేరాను. నాకు ఒక ఏడాది పోయింది. ఆ ఏడాది ఫీజు కోసం నాన్న చేసిన ఓవర్‌టైమ్ కూడా పోయింది.

రిజర్వేషన్ లేదా అని అడుగుతారు. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ హక్కు వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఛత్తీస్‌గఢ్ ఎస్సీ జాబితాలో మాదిగ పేరు లేదు. అద్దె ఇల్లు అడిగినప్పుడు మా కులం అందరికీ తెలుస్తుంది. సీటు అడిగినప్పుడు ఎవరికీ తెలియదు.

ఇంత కష్టపడి ఈ సబ్జెక్టే ఎందుకంటారా? అమరావతి స్తూపంలో ఒక శాసనం ఉంది. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చమ్మకారుడైన విధికుడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను దానమిచ్చాడని అందులో ఉంది. చమ్మకారుడంటే చర్మకారుడే. తండ్రి గురువు, కొడుకు తోలుపని చేసేవాడు, ఇద్దరి పేర్లూ ఒకే రాతి మీద! ఈరోజు ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో మెరుస్తున్నది అమరావతి కళలోని పూర్ణఘటమే. అలాంటి పూర్ణఘటాన్ని ఒక తోలుపనివాడు స్తూపానికి ఇచ్చాడని మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా చదివారా? మ్యూజియం పలక మీద "శాతవాహనుల కాలం" అని ఉంటుంది. ఇచ్చినవాడు మాయమై ఏలినవాడే మిగులుతాడు. ఆ పలక ఎవరు రాస్తారన్నదే నా ప్రశ్న.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ఈ దాన శాసనాల మీద పనిచేస్తానన్నాను. ఒక పెద్దమనిషి నవ్వి, "సంస్కృతం వచ్చా?" అన్నాడు. అమరావతి దాతలు రాయించింది ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో. అది ఆయనకు తెలియక కాదు. నన్ను ఎక్కడ నిలబెట్టాలో ఆయనకు తెలుసు. వైవాలో ఇలాంటివి నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. జేఎన్‌యూలో అబ్దుల్ నాఫే కమిటీ వైవా మార్కుల్లో వివక్ష ఆనవాళ్లు చూసి, 30 మార్కులను 15కు తగ్గించమని 2016లో సూచించింది.

2020 జాతీయ విద్యా విధానంతో అంతా మారిందంటున్నారు. 2021లో క్రెడిట్ బ్యాంకు కూడా వచ్చింది. బ్యాంకులో దాచుకున్న క్రెడిట్‌ను తీసుకోవాలో వద్దో ఇప్పటికీ చేర్చుకునే సంస్థే తేలుస్తుంది. ఏడాది చదివి ఆపేస్తే సర్టిఫికెట్ ఇచ్చి పంపే ఏర్పాటు మాత్రం వెంటనే అందుతుంది. డబ్బులేని ఇంటి పిల్లకు బయటికి పోయే తలుపు తెరిచి, లోపలికి వచ్చే తలుపుకు గడియపెడితే అది సంస్కరణ కాదు.

వెల్డింగ్ తక్కువ పని అని నేను అనను. మా ఇంటి అన్నం ఇనుములోంచే వచ్చింది. కానీ ఒక బస్తీ పిల్లలందరికీ చేతిపనే, మరో కాలనీ పిల్లలకే ఆలోచించే పని అంటే దాన్ని స్కిల్ డెవలప్‌మెంట్ అనకండి. కులం శ్రమను మాత్రమే కాదు, శ్రామికులను కూడా విభజిస్తుందని బాబాసాహెబ్ 1936లోనే చెప్పారు. ఇప్పుడు ఆ విభజనకు సిలబస్ కూడా తయారైంది.

అడుగుతున్నది దయ కాదు. ప్రతి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, కమ్యూనిటీ కాలేజీలో కళా చరిత్రను క్రెడిట్ సబ్జెక్టుగా పెట్టండి. ఆ క్రెడిట్లను కాదనే యూనివర్సిటీ కారణాన్ని లిఖితపూర్వకంగా చెప్పాలి. వలస కూలీల పిల్లలకు, వాళ్లు పుట్టి పెరిగిన రాష్ట్రంలోనే రిజర్వేషన్ దక్కేలా పార్లమెంటు చట్టం చేయాలి.

అమరావతి రాళ్లు చెన్నై మ్యూజియానికి వెళ్లాయి, సముద్రం దాటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ వెళ్లాయి. నేను చదివిన ఒక్క ఏడాది చదువు మాత్రం రాయ్‌పూర్‌లో ఒక కిటికీ దాటలేకపోయింది. నా తర్వాత ఉర్లా నుంచి వచ్చే పిల్ల అదే కిటికీ దగ్గర ఆగకూడదు.

జై భీమ్.