రెండు నిమిషాలేనా? ఇయ్యండి, చాలు!

సభ పెద్దది. పోస్టర్ పెద్దది. పోస్టర్ మీద బాబాసాహెబ్ బొమ్మ ఇంకా పెద్దది. వేదికెక్కిన పెద్దమనుషులు ఒక్కొక్కరు గంటసేపు మాట్లాడతారు. జనం లేచి ఆఖరి బస్సుకు పోయే వేళ మైకులో ఒక మాట వినబడుతుంది: 'ఇప్పుడు మన దళిత సోదరుడు రెండు నిమిషాలు మాట్లాడతాడు.' వాళ్ళు 'గారు', మనం 'సోదరుడు'. వాళ్ళకు గంట, మనకు రెండు నిమిషాలు.

నిమిషాల పంపకంలోనూ కులముంది. మాగాణి వాళ్ళకు, గట్టు మనకు. ఈ మాట సభలోనే, మొహం మీదనే అడగాలె. అయితే దొరికిన ఆ రెండు నిమిషాలు ఎటు పోతున్నయో కూడా చూడాలె. మన కార్యకర్తలు కొందరు వేదిక మీది పేర్లన్నీ చదివి ఒక నిమిషం ఒడగొడుతున్నరు. 'ఈ అవకాశమిచ్చిన పెద్దలకు' అని దండం పెట్టి ఇంకో అర నిమిషం. అసలు సంగతి నోట్లో ఉండగానే చీటీ వస్తుంది. హక్కుగా వచ్చిన నిమిషానికి దండాలెందుకు?

నోరు నొక్కితే ఏమవుతుందో ఈ నగరానికి తెల్వంది కాదు. అఫ్జల్‌గంజ్ నుంచి నడిచిపోయేంత దూరంలో వివేకవర్ధని ఉంది. 1921 నవంబరులో అక్కడ కార్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభ గోల చేసింది, ఎగతాళి చేసింది. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. తెలుగు పెద్దలు ఈ కథను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటరు. మంచిదే. మరి మాలవాడ, మాదిగవాడ తెలుగు మైకులో వినబడితే వాళ్ళే ఎందుకు ముసిముసి నవ్వులు నవ్వుతరు? వకీలు తెలుగును వెక్కిరిస్తే చరిత్ర, కూలిమనిషి తెలుగును వెక్కిరిస్తే తమాషానా?

ఇదే నగరంలో భాగ్యరెడ్డి వర్మ ఎవరి వేదిక కోసమూ కాసుకు కూర్చోలేదు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలతో వాడల్లోనే జనాన్ని కూడగట్టారు. 1917లో బెజవాడ పంచమ సభకు అధ్యక్షుడిగా పోయి, 'పంచమ' అనే పేరునే కాదన్నారు. ఆ సభ ఆది ఆంధ్ర సభ అయింది. సరైన మాట ఒక్కటి చాలు, పేరు మారుతుంది.

బాబాసాహెబ్‌కూ టైము కొలిచే ఇచ్చారు. 1946 డిసెంబరు 17న రాజ్యాంగ సభలో ఆయన్ను అనుకోకుండా పిలిచారు. తన కంటె ముందు ఇరవై మందికి పైగా ఉన్నరని, తయారై రాలేదని, పది నిమిషాల గడువే పెట్టారని ఆయనే సభకు చెప్పారు. చెప్పి కూర్చోలేదు. హక్కులు రాసి, అవి దక్కించుకునే దారి రాయకపోతే ఏం లాభమని నెహ్రూ తీర్మానాన్నే నిలదీశారు. ఆ పొద్దు కాయితం లేకపోవచ్చు. మహద్ చెరువు నుంచి ఇరవై ఏండ్ల పోరాటం వెనక ఉంది. అదే అసలు తయారీ.

1936లో లాహోర్ సభవాళ్ళు ఆయన ఉపన్యాసంలోని మాటలకు జడిసి సభనే రద్దు చేసుకున్నరు. రాసిపెట్టుకున్నడు కాబట్టి 'కుల నిర్మూలన'ను తానే అచ్చేయించిండు. మైకు ఆపగలరు గాని అచ్చును ఆపలేకపోయారు. అందుకే అంటున్నం: రెండు నిమిషాలైనా సరే, రాసుకోండి.

రెండు నిమిషాలంటే పోస్టుకార్డుకు రెండు వైపులా పట్టేంత. మొదటి మాటే మన కోరిక కావాలె, ఎందుకంటే మైకు ఎప్పుడు కోస్తరో తెల్వదు. తర్వాత ఊరు, తేదీ, జరిగింది. ఆ తర్వాత చట్టం. చివరికి ఎవరు, ఏ తారీఖులోపు, ఏం చెయ్యాలె. ఇట్ల:

'మా శ్మశానం దారి తెరిపించాలె. ఫలానా ఊరు మాది. ఫలానా తేదీన దారికి కంచె కొట్టిన్రు, శవంతో తెల్లారేదాకా నిలబడ్డం. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రకారం మమ్మల్ని శ్మశానం వాడుకోనియ్యకపోవుడు నేరం. తహసీల్దారు పది రోజుల్లో కంచె తీయించాలె. లేకుంటే పదకొండో రోజు ఆఫీసు ముందర కూసుంటం.'

ఒక నిమిషం కూడా పట్టదు. ఇందులో దండం లేదు, ఏడుపు లేదు. మిగిలిన నిమిషంలో ఇంకోసారి, మెల్లగ చెప్పండి. ముందురోజు వాడలో అందరి ముందు చదవండి. సదువు రాని అవ్వకు అర్థం కాని మాట కొట్టెయ్యండి. ఒక నకలు అధ్యక్షుడి చేతిలో, ఒకటి విలేఖరి చేతిలో పెట్టండి. గ్రామసభలోనైతే తీర్మానాల పుస్తకంలో రాయించే దాకా కదలొద్దు.

చట్టం మాట దగ్గర తడబడొద్దు. నగరంలో సభకు వచ్చే అన్నలు, అక్కలు ఇమ్లీబన్‌లో బస్సు దిగి అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయానికి నడవండి. 1891లో పెట్టిన అసఫియా లైబ్రరీ అదే. మూసీ ఒడ్డున ఉన్న ఆ భవనంలోకి 1936లో వచ్చింది. చట్టం పుస్తకం అడిగి, సెక్షను నంబరు కార్డు మీద రాసుకొని సభకు పోండి. నవాబుల కాలంనాటి మెట్లని జంకొద్దు, అది మన పన్నుల సొమ్ముతో నడిచే ఇల్లు.

సభలు పెట్టే అయ్యలారా! గంటలు మీరే ఉంచుకోండి. మా రెండు నిమిషాలు మాత్రం చివర్న కాదు, జనం ఉన్నప్పుడు కావాలె. వరుస మారకపోతే మా పోస్టుకార్డు సభ గేటు దగ్గర చదువుతం. మైకు అక్కర్లేదు, డప్పు ఉంది.

జై భీం!