చౌటుప్పల్‌లో ప్లాటు కొంటున్నారా?

చౌటుప్పల్ అంటే మన ఐటీ జనాలకి గుర్తొచ్చేవి రెండే: విజయవాడ హైవే, ఓపెన్ ప్లాట్లు. అక్కడ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళ అయస్కాంత పరిశీలనాశాల ఉందని మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. (2016 దాకా నల్లగొండ జిల్లానే లెండి, ఇప్పుడు యాదాద్రి భువనగిరి.)

అయస్కాంత క్షేత్రంలో పెడితే పరమాణువు శక్తి స్థాయి ఒక్కటి కాస్తా విడిపోయి పక్కపక్కనే కొన్ని స్థాయిలవుతుంది. దీని ఆనవాలు 1896లో జీమన్‌కి దొరికింది, 1902లో నోబెల్ వచ్చింది. ఎంత విడిపోతుందంటారా? మన వైపు భూమి క్షేత్రం సుమారు 43 వేల నానోటెస్లాలు. దానికి రుబీడియం-87లో పక్కపక్క స్థాయిల మధ్య ఎడం దాదాపు 300 కిలోహెర్ట్జ్. వేడి లెక్కలో 15 మైక్రోకెల్విన్లు. మనం కూర్చున్న గది 300 కెల్విన్లు, దాని ముందు ఇదో లెక్కా? కానీ లేజర్లతో పరమాణువుల్ని ఒక్క మైక్రోకెల్విన్‌కి చల్లబరిచారనుకోండి, అప్పుడు ఈ 15 కొండంత. అందుకే అలాంటి ల్యాబుల్లో చుట్టూ కాయిల్స్ పెట్టి ముందు భూమి క్షేత్రాన్ని రద్దు చేసుకుంటారు.

వాళ్ళు వదిలించుకునేదాన్నే చౌటుప్పల్ లాంటి చోట కొలుస్తారు. సూత్రం మాత్రం అదే. ప్రోటాన్ మాగ్నెటోమీటర్‌లో ఈ క్షేత్రానికి వచ్చే ఫ్రీక్వెన్సీ సుమారు 1,850 హెర్ట్జ్, చెవికి వినపడేంత!

ఉప్పల్ రోడ్డులో 1964లోనే ఒక పరిశీలనాశాల పెట్టారు. ఆ తర్వాత ఊరొచ్చి మీద పడింది. ఇప్పుడు ఎన్‌జీఆర్‌ఐ అంటే చాలామందికి మెట్రో స్టేషన్ పేరు. రణగొణ లేని చోటు కావాలంటే చౌటుప్పల్ దాకా పోవాల్సిందే.

"ఫిల్టర్ రాస్తే పోలా?" అన్నాడు మా టీంలో ఒకడు. లారీ పోతే స్పైక్ వస్తుంది, తీసెయ్యొచ్చు. పక్కన గోడౌన్ లేచి, అందులో ఇనుము నెలనెలా మారుతుంటే? అసలు కొలవాల్సిన మార్పే ఏడాదికి కొన్ని పదుల నానోటెస్లాలు. ఏది భూమిదో, ఏది గోడౌన్‌దో ఏ కోడ్ చెప్తుంది? 2024 మే సౌర తుఫానులాంటిది 400 నానోటెస్లాలు లాగేస్తే ఎలాగూ తెలుస్తుంది, చిక్కంతా చిన్న మార్పులతోనే.

రీజనల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం ప్లానులో చౌటుప్పల్ దాకా ఉంది. రోడ్డు వద్దనట్లేదు. ఎయిర్‌పోర్టు పక్కన బిల్డింగులకి ఎత్తు పరిమితి పెడతాం కదా, పరిశీలనాశాల చుట్టూ కూడా అలా దూరం గీయాలంటాను, లేఅవుట్లు లేవకముందే. ఈసారి సైట్ విజిట్‌కి వెళ్తే అడిగి చూడండి, ఇక్కడికి అదెంత దూరమని. ఏజెంటు మొహం చూడాలి అప్పుడు :)