స్కాలర్‌షిప్ పడ్డ రోజే టిప్పులా?

 

స్కాలర్‌షిప్ డబ్బులు ఖాతాలో పడితే చాలు, మన గ్రూపులో షేర్ల టిప్పులు మొదలవుతున్నాయి. "ఏఐ షేర్లు ఇక తగ్గేదే లేదు, భయపడితే మన పిల్లోళ్లు ఎప్పటికీ వెనకే ఉంటారు" అని ఒకన్న రాశాడు. హాస్టల్లో ఉండే మేము కొందరం కలిసి దీనికి జవాబు రాస్తున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. భయపడుతున్నారంటే మాకేం కోపం లేదు. మా భయానికి లెక్కుంది.

ఈ ఆట మన నెల్లూరు తీరానికి కొత్తేం కాదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య రేటు చూసి ఇందుకూరుపేట, విడవలూరు, తోటపల్లిగూడూరు వైపు వరి పొలాలు చెరువులయ్యాయి. పక్కాయనకి ఒక పంట మిగిలిందంటే ఈయన పొలం తవ్వించేశాడు. రొయ్యల పేరు చెప్పి కంపెనీలు జనానికి షేర్లు కూడా అమ్మాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు ఊడ్చిపెట్టుకుపోయాయి. 1996 డిసెంబరు 11న సీఆర్‌జెడ్‌లో ఉన్న చెరువులు తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లాభంలో మన యానాదోళ్లకి వాటా ఏది? కాపలా, వల లాగడం, అంతే. ఉప్పునీళ్లు మాత్రం మన వంతుకు వచ్చాయి. భూమి ఉన్నోడు 2009 తర్వాత వనామీతో మళ్లీ లేచాడు.

టెక్నాలజీ అట్లా కాదు, చదువుకున్నోళ్ల వ్యవహారం అంటారా? 1999 నవంబరులో సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల కంపెనీని 499 కోట్లకు కొంటామని ప్రకటించింది. అప్పుడూ అందరూ తగ్గేదే లేదన్నారు. 2000 మార్చి 10న శిఖరానికి చేరిన అమెరికా నాస్‌డాక్ 2002 అక్టోబరుకి నూటికి 78 వంతులు పడింది. పాత ఎత్తుకి రావడానికి 15 ఏళ్లు పట్టింది. ఇంటర్నెట్ అబద్ధమా? కాదు, నిజంగానే వచ్చింది. అయినా ఆ రేటుకి కొన్నోళ్లు మునిగారు. ఏఐ నిజమైనంత మాత్రాన దాని షేరు రేటు నిజమైపోదు. టిప్పులిచ్చే అన్నలు ఈ ముక్కే దాటేస్తున్నారు.

ఇక సత్యం కంప్యూటర్స్. 2008లో మంచి పాలనకి గోల్డెన్ పీకాక్ అవార్డు. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కలన్నీ బూటకమని ఉత్తరం రాశాడు. 179 రూపాయల దగ్గరున్న షేరు ఒక్క రోజులో 40కి పడింది. ఆడిటర్లు సంతకాలు పెట్టిన లెక్కలే అవి. ఫోన్లో గీతలు చూసి మనం కనిపెడతామా?

ఆప్షన్ల సంగతి సెబీయే చెప్పింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్లు పైనే. పొలమో ఇల్లో ఉన్నోడు పోతే పోయిందంటాడు. మనకి పోయేది మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, ఆ తర్వాత చదువే.

ఇంకో సంగతి. టిప్పు కింద లింకు చూశారా? దాంతో ఖాతా తెరిస్తే లింకు పెట్టినోడికి కమిషన్ వస్తుంది, మనకి లాభమొచ్చినా, పోయినా.

అడ్మిన్ అన్నా, ఆ లింకులు తీసేయండి. టిప్పులిచ్చే అన్న తన మూడేళ్ల ఖాతా లెక్క, లాభం నష్టం రెండూ, ఇక్కడే పెట్టమనండి. అది చూసి మాట్లాడుకుందాం.