లవంగం వేరు, లవంగ తైలం వేరు

మన వంటింట నిత్యం వాడే లవంగం మన నేలపై పుట్టినది కాదు. ఇండోనేషియాలోని మొలక్కా దీవులు దాని జన్మస్థానం. టెర్నేట్, టిడోర్, మోటి, మాకియన్, బచన్ వంటి చిన్న దీవులలోనే ఆ వృక్షం సహజంగా పెరిగేది. దాని వికసించని మొగ్గయే లవంగం. కాళిదాసు రఘువంశం ఆరవ సర్గలో కళింగరాజును వర్ణిస్తూ, ద్వీపాంతరాల నుండి లవంగ పుష్పాలను మోసుకువచ్చే గాలులను ప్రస్తావించాడు. చరక సంహిత నోటిలో ఉంచుకోదగిన సుగంధ ద్రవ్యాలలో లవంగాన్ని చేర్చింది.

ఎండిన మొగ్గలను ఆవిరితో బట్టీ పట్టగా వాటి బరువులో సుమారు 15 నుండి 20 శాతం వరకు తైలం లభిస్తుంది. ఆ తైలంలో సాధారణంగా 70 శాతానికి పైగా యూజినాల్ ఉంటుంది. మిగిలినది ప్రధానంగా యూజినైల్ ఎసిటేట్, బీటా కేరియోఫిలిన్. నరాలను మొద్దుబార్చి పంటిపోటును తగ్గించేది యూజినాలే. దంతవైద్యులు జింక్ ఆక్సైడ్‌తో కలిపి పంటిలో నింపే ముద్దలో ఉండేదీ అదే. ఈ చెట్టు ఆకుల నుండి కూడా తైలం తీస్తారు. అందులో యూజినాల్ సమృద్ధిగా ఉన్నా, యూజినైల్ ఎసిటేట్ బహుస్వల్పం. ఆకు తైలం చవక. సీసాపై ‘లవంగ తైలం’ అని మాత్రమే వ్రాస్తే, అది మొగ్గదో ఆకుదో కొనేవారికి తెలిసేదెట్లు?

ఋషిప్రోక్తమైన శాస్త్రానికి ఈ శాతాల లెక్కలెందుకని సాటి వైద్యులు కొందరు ఆక్షేపిస్తారు. గురుకులంలో మాకు ద్రవ్యపరీక్ష నేర్పిన తరువాతనే ఔషధం చేతికిచ్చేవారు. మంచి లవంగాన్ని గోటితో నొక్కితే నూనె చెమరుస్తుంది. నీటిలో వేస్తే మునుగుతుంది, లేదా నిటారుగా నిలుస్తుంది. నూనె తీసివేసిన లవంగం అడ్డంగా తేలుతుంది. రసాయన విశ్లేషణ ఆ పరీక్షకు కొనసాగింపేనని నా అభిప్రాయం.

మొక్క నుండి వచ్చినది గనుక ఎంత వాడినా హాని లేదన్న అపోహ అంతకంటె ప్రమాదకరం. 5 మి.లీ. తైలం ఇంచుమించు 30 గ్రాముల లవంగాల సారం. అంటే కొన్ని వందల లవంగాలు! ఏ తల్లీ బిడ్డకు అన్ని లవంగాలు తినిపించదు. రెండేళ్ళ బాలుడొకడు 5 నుండి 10 మి.లీ. లవంగ తైలం మింగి ప్రాణాపాయ స్థితికి చేరిన ఉదంతం 1993లో బ్రిటన్ వైద్య పత్రికలో ప్రచురితమైంది.

కనుక తయారీదారులు సీసాపై మొక్క భాగాన్నీ, యూజినాల్ శాతాన్నీ తప్పక ముద్రించాలి. గృహిణులకు నా మనవి ఇది. పంటిపోటు కలిగితే పెద్దలు ఒక లవంగాన్ని పంటి క్రింద ఉంచుకోవచ్చు. నొప్పి తగ్గినా దంతవైద్యుని చూడవలసిందే; యూజినాల్ బాధను అణచుతుంది గాని పుచ్చును మాన్పదు. పసిపిల్లల చిగుళ్ళకు తైలం పూయరాదు. సీసాను వారికి అందనిచోట దాచండి. పొరపాటున మింగితే వాంతి చేయించక, తక్షణం ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఇంట ఉండవలసినది మొగ్గ. తైలం వైద్యుని చేతిలో ఉండుటే క్షేమం.