కొల్లేరుకు గైడ్ కావలెను!

స్పెయిన్‌లో వాలెన్సియా బీచ్‌కి వెళ్లే టూరిస్టులు చాలామంది, నగరానికి 10 కిలోమీటర్ల దూరంలోని అల్బుఫెరా సరస్సునీ చూసొస్తారు. చుట్టూ వరిచేలు, నీటిపక్షులు, సాయంత్రం పడవ షికారు, ఒడ్డు పల్లెలో వండిపెట్టే పాయెల్లా అన్నం. ఎక్కడో చూసినట్టు లేదూ? మన కొల్లేరే కదా!

ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. 2002లోనే రామ్‌సర్ గుర్తింపు. కావాల్సింది దగ్గరుండి చూపించేవాళ్లు. తాడేపల్లిగూడెం నిట్‌కి దేశం నలుమూలల నుంచీ విద్యార్థులొస్తున్నారు. శీతాకాలంలో ఒక్క ఆదివారం వాళ్లని కొల్లేరు తీసుకెళ్లి, పక్షుల పేర్లు చెప్పి, చేపల పులుసుతో భోజనం పెట్టించగలిగితే అదీ ఉపాధే. పెద్ద పెట్టుబడేం అక్కర్లేదు. పక్షులను గుర్తుపట్టడం, నాలుగు ముక్కలు ఇంగ్లిష్, హిందీ, అటవీశాఖ నిబంధనలు తెలిస్తే చాలు, మొదలుపెట్టొచ్చు. దారి, సమయాలు, ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం మన తరానికి చిటికెలో పని.

ఒక్క మాట మాత్రం మరవొద్దు. అభయారణ్యంలో అక్రమంగా తవ్విన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టించాల్సి వచ్చింది. రేపు టూరిజం పేరుతో రిసార్టులు కట్టినా జరిగేది అదే నష్టం. బస, భోజనం ఊళ్లలోనే ఉండాలి, సరస్సు పక్షులకే ఉండాలి. పక్షి రాకపోతే టూరిస్టూ రాడు, మన ఉద్యోగమూ ఉండదు.