రాత్రిపూట మన ఆడబిడ్డకు ఒక తలుపు కావాలి

పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

నేను డిగ్రీ చదివేటప్పుడు సెలవులకు ఊరికొచ్చిన. ఒక రాత్రి మా పెద్దమ్మ బిడ్డ చంకలో పిల్లతో, కాళ్లకు చెప్పుల్లేకుండా మా ఇంటికొచ్చింది. మొఖం వాచిపోయి ఉంది. తెల్లారి మా నాయన ఆమెను మళ్లీ అదే ఇంట్లో దించి వచ్చిండు. నాయన చెడ్డోడు కాదు. దించడానికి ఇంకో చోటు లేదు. నేను కూడా నోరు తెరవలేదు. పోయేటప్పుడు అక్క నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఈ మాట ఎత్తితే "ఇది ఇంటి విషయం, బయటపడితే ఆదివాసీల పరువు పోతది" అంటరు. మరి కెస్లాపూర్‌లో నాగోబా ముందు కొత్త కోడళ్లకు భేటింగ్ ఎందుకు చేస్తున్నం? ఆమె ఒక్క మొగుడి మనిషి కాదు, మెస్రం వంశం మొత్తానికి కోడలు అనే కదా. కోడలు అందరిదైతే ఆమె దెబ్బలు కూడా అందరి విషయమే.

రాయి సెంటర్‌లో సార్‌మేడి, పటేళ్లు తగువు తీరుస్తరు, కాదనను. కానీ పంచాయితీ కూర్చునేదాకా ఆమె ఎక్కడుండాలి? కొట్టినోడి ఇంట్లోనే ఉండి వచ్చిన మనిషి పెద్దల ముందు "సరే" అంటే, అది ఒప్పుకోవడం కాదు, భయం.

చట్టం ఉంది. 2005 గృహహింస చట్టం మనకూ వర్తిస్తుంది. పెళ్లి రిజిస్టర్ కాలేదన్నది అడ్డం కాదు. ముందు ఫిర్యాదు ఇవ్వలేదని ఆశ్రయ గృహం వాళ్లు ఆమెను వెనక్కి పంపకూడదు. 181కి ఫోన్ చేయొచ్చు. జిల్లాలో సఖి కేంద్రం ఉంది. కానీ ఉట్నూరు నుంచే ఆదిలాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు. లోపలి గూడెం నుంచి అర్ధరాత్రి ఏ బండి దొరుకుతది? భాష రానిచోట ఆమె గోండిలోనో కొలామీలోనో ఎవరికి చెప్పుకుంటది?

అందుకే మండలానికి ఒక ఇల్లు మనమే మొదలుపెడదాం. రెండు గదులు, లోపల గడియ, మన భాష వచ్చిన ఇద్దరు ఆడమనుషులు చాలు. ఇంటికో సోలెడు బియ్యం అడుగుదాం. పోలీస్ స్టేషన్‌కు, సఖి కేంద్రానికి ముందే చెప్పి పెడదాం. వచ్చినామె పేరు ఈ గ్రూపులో కూడా రాయొద్దు. ఉండాలా, తిరిగి పోవాలా అన్నది ఆమె ఇష్టం.

"కాపురాలు కూలుతయి" అనేవాళ్లకు ఒక్కటే చెప్తా. పోవడానికి చోటు లేక నిలబడ్డదాన్ని కాపురం అనరు.

వచ్చే మీటింగులో ఈ ముచ్చట మొదట పెడదాం. మా ఊరి నుంచి బియ్యం పోగుచేసే పని నాది. మీ ఊరి నుంచి ఎవరు?

జై సేవా. జై ఆదివాసీ.