ధరల పోరు ఆగింది.. బిల్లు ఎవరికొచ్చింది?

సరిహద్దులో సెల్‌ఫోన్‌కు ఊరు తెలియదు, టవరే తెలుసు. బళ్లారి జిల్లా పొలంలో నిలబడ్డ రైతు ఫోనుకు ఒక్కోసారి అనంతపురం జిల్లా సిగ్నల్ తగిలేది. బరంపురం దిగువ పల్లెలకు ఇచ్ఛాపురం టవర్ అందేది. అంతే, రోమింగ్ మొదలు. కాల్ చేసినా, వచ్చినా డబ్బులు కట్. అవతలి రాష్ట్రంలో పిల్లనిచ్చిన ఇళ్లలో రెండేసి సిమ్‌లు ఉండేవి.

2016 సెప్టెంబరులో జియో వచ్చి కాల్స్ ఉచితమంది. 2017 మార్చి ఆఖరు దాకా డేటాకూ పైసా పుచ్చుకోలేదు. ఆ దెబ్బకు ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో రోమింగ్ చార్జీలు ఎత్తేసింది. ధరల యుద్ధం అనగానే వ్యాపారాలు నాశనమని గగ్గోలు పెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. సరిహద్దు తెలుగువాళ్లకు ఆ యుద్ధం నిజంగానే మేలు చేసింది.

మరి ఆ యుద్ధం ఆగిందెలా? కంపెనీలు రాజీపడి కాదు. ముందు కొన్ని చచ్చిపోయాయి. అనిల్ అంబానీ ఆర్‌కామ్ 2017 ఆఖరుకు సెల్ సేవలు మూసేసింది. టాటా సెల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసింది. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో ఒక్కటయ్యాయి. ఎయిర్‌సెల్ 2018 ఫిబ్రవరిలో దివాలా కోరింది. తమిళనాడులో లక్షల మంది దాని ఖాతాదారులు నంబరు పోకుండా వేరే కంపెనీకి మారడానికి షాపుల ముందు క్యూ కట్టారు. హోసూరు వైపు తెలుగువాళ్లకూ ఆ పాట్లు తప్పలేదు.

మిగిలినవి ఊపిరి పీల్చుకునేలోపే 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏజీఆర్ బకాయిల తీర్పు నెత్తిన పడింది. నెల తిరక్కముందే వొడాఫోన్ ఐడియా, ఎయిర్‌టెల్ చార్జీలు పెంచుతామన్నాయి. మర్నాడే జియో తానూ పెంచుతానంది. 2021 నవంబరులో ముందడుగు ఎయిర్‌టెల్‌ది, 2024 జూన్‌లో జియోది. ప్రతిసారీ మిగతావి రోజుల తేడాతో అదే బాట పట్టాయి. ఎయిర్‌టెల్ 149 రూపాయల ప్లాను 179 అయ్యింది, తర్వాత 199కి చేరింది. మధ్యలో, కనీస ధర మీరే పెట్టండని కంపెనీలు ప్రభుత్వాన్నీ అడిగాయి. ట్రాయ్ చర్చా పత్రమైతే వేసింది గానీ కనీస ధర మాత్రం రాలేదు.

ముగ్గురూ ఒకేసారి పెంచితే అది కుమ్మక్కు కాదా అని జనం అడుగుతారు. చట్టం దృష్టిలో ఒకరిని చూసి ఒకరు పెంచడం వేరు, గదిలో కూర్చుని ఒప్పందం చేసుకోవడం వేరు. రెండోది 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద నేరుగా తప్పు. సిమెంటు కంపెనీలకు ఆ కమిషన్ 2012లో 6,300 కోట్లకు పైగా జరిమానా వేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, అది వేరే కథ.

ఇది పెద్ద కంపెనీల గొడవ కదా అని మన బజారు వర్తకులు కొట్టిపారేయడానికి లేదు. పక్క షాపువాడు తగ్గించాడని నష్టానికి అమ్మడం, తట్టుకోలేక సంఘం మీటింగు పెట్టి 'సంఘం నిర్ణయించిన ధరలు' అని బోర్డు వేలాడదీయడం ఏ ఊళ్లో లేదు? హోటళ్లయినా ఫొటో స్టూడియోలయినా అదే తంతు. ఆ బోర్డు పెట్టడమంటే తప్పును సంతకంతో సహా ఒప్పుకున్నట్టే. మందుల షాపుల సంఘాలకు సైతం కమిషన్ జరిమానాలు వేసిన సందర్భాలున్నాయి.

పోరు ఆపాలంటే ఎవరికి వాళ్లే లెక్క చూసుకుని, గిట్టని ధర ఎత్తేసి, కొత్త ధర అందరికీ కనిపించేలా రాసిపెట్టాలి. పక్కవాడు చూస్తాడు, వాడికీ నష్టం బాధ ఉంటుంది. పెంచడమా మానడమా వాడి ఇష్టం, వాడిని అడగకూడదు. ఈలోగా ఖాతాదారును నిలుపుకునేది ఖాతా పుస్తకం, సరుకు ఇంటికి చేర్చడం, చెడిపోతే తిరిగి తీసుకోవడం. సరిహద్దు బజార్లలో రెండు భాషల్లో మాట్లాడే గుమాస్తా ఒక్కడే పది శాతం డిస్కౌంటుకు సమానం. (యానాం పెట్రోలు చవక సంగతి ఇందులో కలపొద్దు. అది పోటీ కాదు, పన్ను తేడా.)

ఇక ఫోన్ల సంగతి. పోరు ఆగడం తప్పు కాదు, నష్టానికి ఎవరూ ఎల్లకాలం అమ్మరు. ఆగాక వినియోగదారుడికి వెళ్లడానికి ఇంకో షాపు ఉందా అన్నదే ప్రశ్న. 2024 జులైలో చార్జీలు పెరిగిన ఆ ఒక్క నెలలోనే బీఎస్ఎన్ఎల్‌కు దాదాపు 29 లక్షల మంది ఖాతాదారులు పెరిగారు. 2025 సెప్టెంబరులో ఒడిశాలోని ఝార్సుగూడ నుంచి ప్రధాని దాని స్వదేశీ 4జీని ప్రారంభించారు. ఆ సిగ్నల్ నగరాలకే పరిమితం కాకుండా రెండు రాష్ట్రాల మధ్య పల్లెలకూ నిలకడగా అందించాలి. అక్కడి ఎంపీలు అడగాల్సింది అదే.